బొమ్మ తలకు ఉంగరాల జుట్టు: నా యాభై ఏడు రోజులు

గుడ్డ బొమ్మ కుట్టడం నాకు కొత్త కాదు. ఒళ్లు, చేతులు, కాళ్లు, ముఖం అన్నీ పది రోజుల్లో పూర్తయ్యాయి. జుట్టుకు మాత్రం 57 రోజులు పట్టింది. 2024 నవంబరు 17, ఆదివారం నాడు మొదలుపెడితే 2025 జనవరి 12 రాత్రి, తెల్లవారితే భోగి అనగా, చివరి కుట్టు పడింది. ఊలుతో బొమ్మకు జుట్టు పెట్టాలనుకునే వాళ్లకు ఆ మధ్యలో ఏం జరిగిందో తెలిస్తే కొంత ఊలు, కొంత కన్నీరు మిగులుతాయని రాస్తున్నాను.

మా అక్క కూతురికి అప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. దాని జుట్టంతా చిన్న చిన్న ఉంగరాలు. తిరుమలలో పుట్టువెంట్రుకలు ఇచ్చాక మళ్లీ మొలిచిన జుట్టు ఇంకా బిగుతుగా చుట్టుకుంటూ వచ్చింది. దసరాకు ఏలూరులో వాళ్లింటికి వెళ్లాను. వచ్చిన ప్రతి చుట్టమూ దాని తల మీద చెయ్యి పెట్టి, "ఇంత నూనె రాసి, అణిచి జడ వేయకూడదా" అన్నవాళ్లే. ఆ రాత్రి నా పక్కలో పడుకుని అడిగింది: "పిన్నీ, నా జుట్టు ఉన్న బొమ్మ కొట్లో ఎందుకు ఉండదు?" నాకు జవాబు దొరకలేదు. కొట్లో బొమ్మలన్నింటికీ జలపాతంలా జారే జుట్టే. భోగి నాటికి నేనే చేసి ఇస్తానని మాట ఇచ్చాను. ఆ మాటే లేకపోతే నవంబరులోనే వదిలేసేదాన్ని.

మొదట విజయవాడ వన్‌టౌన్‌లో నాలుగు పోగుల ఆక్రిలిక్ ఊలు కొన్నాను. నూరు గ్రాముల నల్ల ఉండలు రెండు, ఒక్కోటి 85 రూపాయలు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇంట్లో ఉన్న పాత అట్లాసు చుట్టూ ఊలును 150 చుట్లు చుట్టి, ఒక అంచున కత్తిరించి, పరిచి, మధ్యలో కాగితం పట్టీ పెట్టి దాని మీదుగా మిషను కుట్టు వేశాను. కాగితం చింపేస్తే ఆ కుట్టే పాపిట అవుతుంది. పాపిటను నుదుటి నుంచి మెడ వెనుక దాకా బొమ్మ తలకు కుట్టాను. ముందు నుంచి చూస్తే చక్కగానే ఉంది. రెండు జడలు వేసి కదలకుండా ఉంచే బొమ్మకైతే ఇది చాలు, అంతకన్నా తేలికైన దారి లేదు. కానీ జుట్టుకు పాపిట దగ్గర తప్ప ఇంకెక్కడా పట్టు ఉండదు. పైకి ఎత్తగానే వెనుక తెల్లటి గుడ్డ బోడిగా కనిపించింది. అక్కడ గుడ్డ జిగురు రాసి పోగులు అతికించాను. జిగురు ఊలులోంచి పైకి పాకి, ఆరాక గోరు గీస్తే టకటకమనేంత గట్టిపడింది.

సరే, జుట్టు ఉందిగా, ఉంగరాలు తెప్పిద్దాం అనుకున్నాను. ఊలు కొస పట్టుకుని పురి విప్పితే నాలుగు పోగులూ విడిపోయి వాటంతట అవే అలలు తిరుగుతాయి. అది చూసి చాలా సంబరపడ్డాను. మూడు సాయంత్రాలు కూర్చుని ఒక్కో పోగూ విప్పాను. తర్వాత, కుక్కల బొచ్చు దువ్వే సన్నటి తీగల బ్రష్ అయితే బాగా పనికొస్తుందని విని, 190 రూపాయలు పెట్టి కొన్నాను. దువ్విన ప్రతిసారీ గుప్పెడు నూగు బ్రష్‌లోకి వచ్చింది. ఊలు పోగు అంటే పొట్టి పొట్టి నారలను పురి పెట్టి నిలబెట్టినది. పురి విప్పి దువ్వితే వాటిని పట్టి ఉంచేది ఏమీ మిగలదు. పసిపిల్ల బొమ్మకు మెత్తటి నూగు జుట్టు కావాలంటే అది అందంగానే ఉంటుంది. నాకు కావలసింది ఉంగరాలు. చిందరవందరగా లేచిన జుట్టును కాస్త అణుద్దామని నవంబరు 24 రాత్రి తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించాను. గుడ్డ ఎత్తేసరికి ఎడమ చెంప పక్కన జుట్టంతా కరిగి, మెరిసే పలకలా అతుక్కుపోయి ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన తెల్లవారేదాకా గదిలోంచి పోలేదు. కత్తెర తీసుకుని మొత్తం కత్తిరించి, బోడి బొమ్మను బీరువాలో పెట్టి తలుపు వేసి ఏడ్చాను. ముఖంలో కళ్లు, నవ్వు అప్పటికే కుట్టి ఉన్నాయి. ఆ నవ్వుతోనే అది నన్ను చూస్తుంటే భరించలేకపోయాను.

ఆరు రోజులు బీరువా తెరవలేదు.

నవంబరు 30న అక్క, పాప ఒక పెళ్లికి విజయవాడ వచ్చి మా ఇంట్లో దిగారు. మర్నాడు పొద్దున పాప కిటికీ దగ్గర కూర్చుని పాలు తాగుతోంది. దానికి తెలియకుండా మిగిలిన నల్ల ఉండను దాని జుట్టు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటి కాదు. ఊలు నలుపు బొగ్గులా వెలుగును మింగేస్తోంది. పాప జుట్టు ఎండ తగిలిన చోట ముదురు కాఫీ గింజ రంగులో ఉంది, ఉంగరం లోపలి వంపులో మాత్రమే నలుపు. మన జుట్టు నలుపని చిన్నప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాం, ఎండలో పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రమే ముదురు గోధుమ రంగు ఉండ ఒకటి కొన్నాను. రెండు నల్ల ఉంగరాలకు ఒక గోధుమ ఉంగరం చొప్పున కలిపితే సరిగ్గా ఆ రంగు వచ్చింది. మీరు కూడా ఊలు కొనేటప్పుడు కొట్లో ట్యూబులైటు కింద చూసి నిర్ణయించుకోకండి, గుమ్మం బయటికి తీసుకొచ్చి చూడండి.

డిసెంబరు 4న కంటి పరీక్ష కోసం అత్తయ్యగారు వచ్చారు. ఆవిడది నరసాపురం పక్క పల్లెటూరు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతారు. ఆవిడా పెళ్లికి ముందు నుంచే అల్లేవారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లి, వారానికి వచ్చి అల్లిక తీసుకుని కూలి ఇచ్చేవాడు. చూపు మందగించాక సన్నదారం కనిపించక సూది పక్కన పెట్టేశారు. బీరువాలో చీర కోసం వెతుకుతూ బోడి బొమ్మను చూసి బయటికి తెచ్చారు. జరిగినదంతా చెప్పాను.

"జుట్టును తలకు కుడతారటే ఎక్కడైనా? ముందు టోపీ అల్లు. దానికి జుట్టు కట్టు. సవరం చూడలేదా?"

సవరం! ఆ మాట వినగానే నాకు దారి కనిపించింది. జుట్టు విడిగా తయారవుతుంది, బాగా లేకపోతే విప్పి మళ్లీ కట్టుకోవచ్చు, బొమ్మ తలకు ఏమీ కాదు. టోపీ తానే అల్లుతానన్నారు అత్తయ్యగారు. ఆవిడ లేసు సూదులు, అంటే కొసన చిన్న కొక్కెం ఉండేవి, ఊలుకు పనికిరానంత సన్నం. 60 రూపాయలు పెట్టి మూడున్నర మిల్లీమీటర్ల సూది కొన్నాం. మొదటి గొలుసు వేస్తూ, "ఇది దారమా, తాడా" అన్నారు. తర్వాత మాట్లాడలేదు. ఊలు లావుగా ఉండడంతో కుట్లు ఆవిడకు కనిపిస్తున్నాయి. కనిపించకపోయినా పరవాలేదు, వేళ్లకు అంతా గుర్తుంది. టీవీ వైపు చూస్తూనే వరుస తర్వాత వరుస వేసుకుంటూ వెళ్లారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆవిడ చేతిలో సూది చూస్తున్నాను.

టోపీ లెక్క ఇది. నడినెత్తి మీద సుడి ఉండే చోట ఆరు కుట్లతో మొదలు. ప్రతి వరుసకూ ఆరు కుట్లు పెంచుకుంటూ వెళ్తే చదునైన గుండ్రం వస్తుంది. తల చుట్టుకొలతను మూడుతో భాగిస్తే ఆ గుండ్రం ఎంత వెడల్పు రావాలో దాదాపుగా తెలుస్తుంది. మా బొమ్మ తల 13 అంగుళాలు. గుండ్రం నాలుగు అంగుళాలు దాటాక పెంచడం ఆపి, వరుసకు అన్నే కుట్లతో కిందికి దిగాలి. ఇందులో నాకు తెలియని సంగతి ఒకటుంది. తల ఎంత ఉందో టోపీ అంతే అల్లితే జుట్టు బరువుకు సాగిపోతుంది. మొదటి టోపీ తొడిగి పరీక్షగా నాలుగు పోగులు కట్టగానే కనుబొమల మీదికి జారింది. అత్తయ్యగారు ఒక్క మాట అనకుండా రెండు రోజుల అల్లికను సర్రున లాగి ఊడదీసి, అదే ఊలుతో అర అంగుళం తక్కువ చుట్టుకొలతకు మళ్లీ అల్లారు. డిసెంబరు 8కి టోపీ చేతికొచ్చింది. కుట్లు ఎంత సమంగా ఉన్నాయంటే దాన్ని జుట్టుతో కప్పేయడానికి మనసు రాలేదు.

ఇక ఉంగరాలు. ఇస్త్రీ పెట్టె నేర్పిన పాఠం ఇక్కడ కలిసొచ్చింది. ఆక్రిలిక్ ఊలు నేరుగా వేడి తగిలితే కరుగుతుంది. ఆవిరి తగిలితే మాత్రం మెత్తబడుతుంది, చల్లారాక అప్పుడున్న ఆకారంలోనే నిలిచిపోతుంది. కబాబులకు వాడే వెదురు పుల్లల కట్ట 70 రూపాయలకు తెచ్చాను. పుల్లలను ఇడ్లీ పాత్రలో పట్టేలా సగానికి విరిచి, ఊలును తడిపి, ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు ఆనేటట్టు బిగించి చుట్టి, రెండు కొసలనూ కుట్టుదారంతో కట్టాను. ఒక్కో పుల్లకు దాదాపు గజం ఊలు పట్టింది. ఇడ్లీ రేకులు తీసేసి, నీళ్ల మీద చిల్లుల పళ్లెం పెట్టి, దాని మీద పుల్లలు పేర్చి, ఇరవై నిమిషాలు ఆవిరి పట్టాను.

మొదటి వాయి పాడు చేశాను. మూడు గంటలకే ఆగలేక ఒక పుల్ల విప్పాను, తర్వాత ఇంకోటి, అలా పన్నెండు విప్పేశాను. లోపల ఇంకా తడి. ఉంగరాలు కళ్ల ముందే సాగి, వాడిన తీగల్లా వేలాడాయి. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. డిసెంబరు చలికి అంటే ఒక పగలు, ఒక రాత్రి. పైగా ఆ తడి ఉంగరాల్లో ఒకదాన్ని ఎలా ఉంటుందో చూద్దామని బొమ్మ నుదుటి మీద పెట్టాను. తీసేసరికి నల్లటి చార. ఊలు రంగు దిగుతోంది. సబ్బు, నిమ్మరసం రెండూ రుద్దినా బూడిద రంగు మరక మిగిలింది. ముందుగా ఊలును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండి ఉండాల్సింది. నేను ఆరుసార్లు పిండాల్సి వచ్చింది.

డిసెంబరు 12 నుంచి 27 దాకా ఆరు వాయిలు, వాయికి నలభై పుల్లలు. ఒక్క పుల్ల చుట్టడానికి నాలుగు నిమిషాలు. ఆఫీసు నుంచి వచ్చి, వంట ముగించి, రాత్రి పదకొండు దాకా చుట్టేదాన్ని. తెల్లవారుజామున ముగ్గు వేసి వచ్చి ఆవిరి పట్టేదాన్ని. ఆ రోజుల్లో మా వంటింట్లో పొద్దున్నే ఇడ్లీ పాత్ర కూత పెట్టేది కానీ ఇడ్లీలు లేవు. మొత్తం చుట్టడానికే పదహారు గంటలు పట్టింది. చూపుడువేలి పక్కన తడి ఊలు ఒరిసి చర్మం లేచింది, ప్లాస్టర్ చుట్టుకుని పని సాగించాను. కానీ ఆరిన పుల్ల నుంచి ఊలును మెల్లగా జారిస్తే, అది స్ప్రింగులా ముడుచుకుని అరచేతిలో పడుతుంది. కొస పట్టుకుని లాగి వదిలితే మళ్లీ చుట్టుకుంటుంది. మొదటిసారి అది చూసిన పొద్దున ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్లాను.

కట్టడం డిసెంబరు 30న మొదలుపెట్టాను. దుప్పటి అంచుకు కుచ్చులు కట్టే ముడే ఇదీ. ఉంగరాన్ని సగానికి మడిచి, మడతను టోపీ కన్నంలోంచి సూదితో లాగి, రెండు కొసలనూ ఆ మడతలోంచి దూర్చి బిగించాలి. మెడ వెనుక నుంచి పైకి వెళ్లాలి. నేను ప్రతి కుట్టుకూ ఒకటి కట్టుకుంటూ పోయాను. నాలుగు వరుసలకే బొమ్మ తల తుమ్మచెట్టులా విచ్చుకుని, మెడ వెనక్కి వాలిపోయింది. ఉంగరాల జుట్టు తనంతట తానే చోటు నింపుకుంటుంది. లోపలి వరుసల్లో కుట్టు విడిచి కుట్టు, వరుస విడిచి వరుస కడితే చాలు. నుదురు, చెంపలు, మెడ దగ్గర అంచు మాత్రం ఒత్తుగా ఉండాలి, ఎందుకంటే టోపీ బయటపడేది అక్కడే. సగం విప్పి మళ్లీ కట్టాను. అంచు కోసం ఇంకో నల్ల ఉండ కొంటే, అదే కంపెనీ, అదే నంబరు, అయినా నలుపు కొంచెం నీలం వైపు తేలింది. ఒకేసారి రంగు వేసిన ఊలు కాకపోతే అంతేనట. ఆ ఊలు ఉంగరాలను మెడ వెనుక కింది వరుసల్లోకి మార్చి, అక్కడివి ముందుకు తెచ్చాను.

జనవరి 6న టోపీని గుండుసూదులతో తల మీద నిలబెట్టి దూరంగా వెళ్లి చూశాను. ఏదో తేడా. నేను చేసిన పాప ఎక్కడో పోయి ఒక నడివయసు ఆవిడ నవ్వుతోంది. అరగంట చూసినా ఎందుకో అర్థం కాలేదు. అత్తయ్యగారు వచ్చి టోపీ ముందు అంచును పట్టుకుని వేలెడు కిందికి లాగారు. అంతే, పాప తిరిగి వచ్చింది. చిన్నపిల్లల ముఖంలో కళ్లు కిందికి ఉంటాయి, నుదురు ఎక్కువ కనబడుతుందని నేను జుట్టు పైకి పెట్టాను. కానీ బొమ్మ నుదురు అప్పటికే పెద్దది, జుట్టు పైకి వెళ్లేసరికి జుట్టు రాలిన నుదురులా అయింది. కిందికి లాగిన ఆ వేలెడులో నల్ల మరక కూడా కనబడకుండా పోయింది. నిమ్మరసంతో పోనిది అలా పోయింది.

అంతా అయిందనుకున్నాక జనవరి 9న పిల్లల చేతిలో ఎలా ఉంటుందో చూద్దామని ఒక్కో ఉంగరాన్నీ పట్టుకుని గట్టిగా లాగాను. రెండు కొసలూ కలిపి లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. ఒక్క కొస మాత్రం లాగితే ఊలు జారి మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. ఐదేళ్ల పిల్ల రెండు కొసలు చూసి లాగదు కదా. టోపీని తిరగేసి, లోపలి వైపు నుంచి ప్రతి ముడిలోంచీ నల్ల కుట్టుదారాన్ని దూర్చుకుంటూ వరుసలన్నీ చుట్టి వచ్చాను. రెండు రాత్రులు పట్టింది. ఇది మాత్రం తప్పించుకోవద్దు. బొమ్మ వెళ్లే ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఇంత పొడుగు ఊలు జుట్టే వద్దు, ముఖం చుట్టూ పొట్టిగా కుట్టేయడం మంచిది.

టోపీని తీసి పెట్టుకునేలా ఉంచాలా, తలకు కుట్టేయాలా అని చాలా ఆలోచించాను. విడిగా ఉంటే ఉతకడం తేలిక. కానీ ఎవరైనా దాని జుట్టు ఊడిపోతుందని పాపకు చూపించడం నాకు ఇష్టం లేదు. జనవరి 12 రాత్రి అంచు చుట్టూ, సుడి దగ్గరా అదే ఊలుతో కుట్టేశాను.

ఖర్చు మొత్తం 785 రూపాయలు. ఊలు నాలుగు ఉండలు 340, పుల్లలు 70, సూది 60, పొడవాటి కుట్టుసూది 30, జిగురు 95, బ్రష్ 190. వీటిలో మొదటి ఉండ, జిగురు, బ్రష్ వృథా, అంటే దాదాపు సగం.

భోగి రోజు సాయంత్రం పాపను పీట మీద కూర్చోబెట్టాక బొమ్మను ఒళ్లో పెట్టాం. అది మాట్లాడలేదు. ఒక ఉంగరం పట్టుకుని లాగి వదిలింది. తన చెవి పక్కన ఉంగరం పట్టుకుని లాగి వదిలింది. మళ్లీ బొమ్మది. అక్క అలవాటు కొద్దీ దువ్వెన తీసుకొస్తే చేత్తో ఆపి, "దీనికి దువ్వెన వద్దు, వేళ్లతోనే" అంది. ఆ మాట నేను చెప్పలేదు. దువ్వెన పెడితే ఉంగరాలు నూగు రేగి పాడవుతాయని చెప్దామనుకుంటూనే ఉన్నాను.

అత్తయ్యగారు మొదట దాని తల మీద, తర్వాత బొమ్మ తల మీద భోగిపళ్లు పోశారు. రేగిపళ్లు, బంతి రేకలు, చిల్లర అన్నీ జారి ఒళ్లో పడాల్సింది పోయి ఇద్దరి ఉంగరాల్లోనూ ఇరుక్కున్నాయి. ఆ రాత్రి అక్క పాప తలలోంచి, నేను బొమ్మ తలలోంచి రేకలు ఏరుతూ చాలాసేపు కూర్చున్నాం. సుడి దగ్గర ఒక రూపాయి బిళ్ల దొరికింది. అది బొమ్మదేనని పాప తీసుకెళ్లి దాని గౌను జేబులో వేసింది.